పగలని గింజ

"కెటిల్‌బర్గ్ ఊరి ఖజానా నుంచి ఒక్క డాలరు కూడా తీయకుండా, ఈ ఏటి బాక్ పండగకు కావలసిన బీరు మొత్తం నేనే, నా గ్యారేజీలో, నా రెండు చేతులతో, గింజ దగ్గర్నుంచి మొదలుపెట్టి కాచి ఊరికి సమర్పిస్తానని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను."

మేయర్ ఎల్రాయ్ గుంటర్‌మన్ గారు జనవరి కౌన్సిల్ సమావేశంలో ఈ మాట లేచి నిలబడి అన్నారు. మామూలుగా ఆయన ఏదైనా కూర్చునే అంటారు. కాబట్టి ఇది చారిత్రక ప్రకటన అని హాల్లో అందరికీ తెలిసిపోయింది. పొదుపు చర్యల కింద హీటరు ఆపేసి ఉండటంతో, చప్పట్లు ఉన్ని తొడుగుల్లోంచి దుప్పటి దులిపినట్టు వినిపించాయి.

వెనక బెంచీ మీద మేయర్ గారి ప్రచార కార్యదర్శి వెర్న్ టాల్‌బెర్గ్ 'గింజ నుంచి గ్లాసు దాకా' అని కాగితం మీద రాసుకుని, కింద గీత గీశాడు. నినాదం తనకే నచ్చి ఇంకో గీత గీశాడు.

బాక్ అంటే చలికాలం సెలవు తీసుకునే ముందు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో తాగే చిక్కటి నల్లబీరు. రెండు గ్లాసులు పడితే కాళ్లు సొంత నిర్ణయాలు తీసుకుంటాయి. మార్చి ఆఖరి శనివారం ఊరంతా ఒకే గుడారం కిందికి చేరి దాన్ని ఉచితంగా తాగడం కెటిల్‌బర్గ్ ఆచారం. ఖర్చు మునిసిపాలిటీది. ఈ ఏడాది మునిసిపాలిటీ మంచు తోసే లారీ ఒకటి కొని, దానికి రెండు వైపులా మేయర్ గారి నవ్వుముఖం వేయించింది. పండగ పద్దు ఆ నవ్వులో కలిసిపోయింది.

"ఎల్రాయ్, ఒక్క సందేహం." కౌన్సిలర్ ఇర్మా కుబియాక్ చెయ్యెత్తింది. ఏప్రిల్ ఎన్నికల్లో మేయర్ పదవికి పోటీ చేస్తున్నది ఆవిడే. "నువ్వు ఇన్నేళ్లుగా ఇంట్లో కాచేది బీరా? దుకాణంలో మాల్ట్ పాకం డబ్బా కొని, మూత తీసి, నీళ్లలో కలిపి, పైన ఈస్టు చల్లుతావు. మా మనవరాలు జెల్లీ అలాగే చేస్తుంది. అది ఒకటో క్లాసు."

హాలు ఘొల్లుమంది. 'డబ్బా మేయర్' అని ఎవరో అన్నారు. అన్నవాళ్లు దొరకలేదు.

మేయర్ గారు నవ్వు ఆగేదాకా ఓపిగ్గా నిలబడ్డారు. "ఇర్మమ్మా, డబ్బా రోజులు పోయాయి. ఇక అసలు గింజే. ఖరీదైన సామాను కూడా కొనను. ఊరు పొదుపు చేస్తుంటే మేయర్ దుబారా చేస్తాడా?"

చప్పట్లు మళ్లీ దుప్పటి దులిపాయి.

వెర్న్ చప్పట్లు కొట్టాడు గానీ అతని భయం వేరే ఉంది. కొత్త సంవత్సరం రోజు మధ్యాహ్నం మేయర్ గారి పికప్ ట్రక్కు టౌన్‌హాల్ ముందు పచ్చికలోకి ఎక్కి, క్రిస్మస్ బొమ్మల కొలువులో ఉన్న ఒంటెను గుద్దింది. పోలీస్ చీఫ్ నెస్‌హైమ్ ఆయన్ని స్టేషన్‌కు తీసుకెళ్లి, ఊరికున్న ఒకే ఒక్క బ్రీత్ ఎనలైజర్‌లో ఊదించాడు. చట్టం ఒప్పుకునేదానికి రెట్టింపు చూపించింది. 'అకస్మాత్తుగా అడ్డువచ్చిన ఒంటె' అని వెర్న్ పత్రికా ప్రకటన రాశాడు గానీ అది ప్లాస్టర్ ఒంటె కావడంతో జనం పూర్తిగా నమ్మలేదు. కేసు విచారణ పండగ తర్వాతి సోమవారం. పోలింగు ఆ మర్నాడు మంగళవారం. సోమవారం శిక్ష పడితే మంగళవారం మేయర్ గారు ఇంటికి. మేయర్ గారు ఇంటికెళితే వెర్న్ వెళ్లేది బావమరిది డ్వేన్ నడిపే సెప్టిక్ ట్యాంకు లారీ ఎక్కడానికి.

ఆ సంగతి డ్వేన్ మరిచిపోనివ్వడు. శుక్రవారం బెర్నీ నడిపే టావెర్న్ బారులో ఊరంతా వేపిన చేపలు తింటుండగా గోడ అవతలికి కూడా వినిపించేలా అడిగాడు.

"బావా, నీ కాలి సైజెంత?"

"ఎందుకు?"

"రబ్బరు బూట్లు కొనాలి. మోకాలి దాకా ఉండేవి. డిస్కౌంటు ఉంది, ఏప్రిల్ దాకానే."

"మా మేయర్ గెలుస్తారు."

"గెలిస్తే సంతోషమే. చేపలు నేను తెప్పిస్తా. ఓడితే మాత్రం వెనక గొట్టం నువ్వే పట్టుకోవాలి బావా. నా నడుము బాగోలేదు."

అందుకని వెర్న్ కాచబోయే బీరు మీద ఆశలన్నీ పెట్టుకున్నాడు. మంచి బాక్ తాగిన ఓటరు ఒంటెను క్షమిస్తాడు. ఇది అతని రాజకీయ సిద్ధాంతం.

మర్నాడు మేయర్ గారిని మాల్ట్ దుకాణానికి తీసుకెళ్లాడు. పక్క ఊళ్లో ఉన్న దుకాణం అది. యజమానురాలు లోయిస్ మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ బస్తాలు తూకం వేసి, చేతులు దులుపుకుంది.

"మర ఆడించమంటారా?"

"దానికి వేరే చార్జీ ఉందా?" అని మేయర్ గారు అడిగారు.

"కొంచెం ఉంటుంది."

"అయితే వద్దు."

లోయిస్ మర వైపు చెయ్యి చూపింది. "ఎల్రాయ్, మీకు నేను చెప్పాలా..."

"చెప్పక్కర్లేదు."

ఆవిడ వెర్న్ వైపు తిరిగింది. "నువ్వన్నా విను నాయనా. గింజ పగలాలి. పగిలితేనే లోపలి పిండికి వేడినీళ్లు తగులుతాయి. అప్పుడే తీపి దిగేది. తీపి ఉంటే ఈస్టు తింటుంది, ఈస్టు తింటే మత్తు పుడుతుంది. పగలని గింజ నానబెడితే వచ్చేది గింజ కడిగిన నీళ్లు. కొత్తగా గింజ బీరు మొదలుపెట్టేవాళ్లంతా మొదటిసారి చేసే తప్పు ఇదే. పిసినారులు రెండోసారి కూడా చేస్తారు."

బయట ట్రక్కులో బస్తాలు వేస్తూ వెర్న్ అదే మాట మేయర్ గారికి మళ్లీ చెప్పాడు. ఆయన బస్తా మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

"వెర్న్, మనం ఊరికి ఏం మాటిచ్చాం?"

"ఖర్చు పెట్టబోమని."

"గింజను పగలగొట్టడానికి ప్రజల సొమ్ము... సరే, నా సొమ్మే. అయినా ప్రజల మేయర్ సొమ్ము. చిన్న గింజ. ఏ పాపం ఎరగదు. దాన్ని నలిపి పిప్పి చేసే రాజకీయం ఇర్మాది. మనది కలిపే రాజకీయం. రాసుకో: పగలని గింజ, పగలని ఊరు."

వెర్న్ రాసుకున్నాడు. నినాదం బాగుంది. బీరు సంగతే తెలియలేదు.

మేయర్ గారి పొదుపును చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. గింజలు నానబెట్టడానికి స్టీలు పీపా కొనలేదు. చేపలవేటకు తీసుకెళ్లే ఐసు పెట్టె చాలన్నారు. చన్నీళ్లను చల్లగా ఉంచేది వేడినీళ్లను వేడిగా ఉంచదా? వడకట్టడానికి పెయింటర్లు రంగు వడకట్టే జాలీ సంచి. మరిగించడానికి టర్కీ కోడి వేయించే గ్యాసు పొయ్యి, దాని గిన్నె. చల్లార్చడానికి రాగి చుట్ట కొనాలని పుస్తకాల్లో ఉంటుంది. మేయర్ గారు గిన్నెను తీసుకెళ్లి వాకిట్లో మంచుగుట్టలో కూర్చోబెట్టారు. దేవుడు ఉచితంగా ఇచ్చిన మంచును లారీ పెట్టి తోయించడమే ఈ ఊరు చేసిన తప్పని అన్నారు. ఆ లారీ కొన్నది తనేనని వెర్న్ గుర్తుచేయలేదు.

ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. చొక్కా చేతులు మడిచిన మేయర్ గారు, ఐసు పెట్టెలోంచి లేస్తున్న ఆవిరి, వెనక మూలన టార్పాలిన్ కప్పిన ఏదో సామాను. "అదేమిటండీ?" అని వెర్న్ అడిగాడు. "మా ఆవిడ కుట్టుమిషన్లు. ముట్టుకుంటే నిన్నూ కుట్టేస్తుంది" అన్నారాయన. వెర్న్ ముట్టుకోలేదు.

ఐసు పెట్టె మూత తీస్తే గింజలు వెళ్లినట్టే చెక్కు చెదరకుండా తేలాయి. స్నానం చేసి వచ్చిన పిల్లల్లా ఉన్నాయి. వెర్న్ కాస్త కషాయం పొడుగు జాడీలో పోసి, తీపి కొలిచే గాజుగొట్టాన్ని అందులో వదిలాడు. తీపి ఉంటే గొట్టం తేలాలి. ఇది బావిలో బిందెలా బుడుంగున మునిగి అడుగును తాకింది.

"మేయర్ గారూ! మునిగిపోయిందండీ!"

"లోతుగా ఉందన్నమాట. మంచిదే."

మేయర్ గారు గుప్పెడు నల్లగా వేయించిన గింజలు పడేశారు. నీళ్లు బాక్ రంగు తిరిగాయి. హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగించారు. చేదు పట్టింది. ఈస్టు చల్లి మూత బిగించి, గాలి పోవడానికి పైన చిన్న బుడగల గొట్టం పెట్టారు. బీరు పులుస్తుంటే ఆ గొట్టంలో బుడగలు టపటపమనాలి. వెర్న్ రోజూ ఆఫీసు నుంచి వచ్చి దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్క బుడగ రాలేదు.

"ఏమీ జరగట్లేదండీ."

"జరుగుతోంది. చప్పుడు చేయట్లేదు అంతే. నా పరిపాలనలాగా."

ఫిబ్రవరి శనివారాలన్నీ ఇలాగే గడిచాయి. పీపా మీద పీపా నిండింది. ఒక్కదాంట్లోనూ చీమ తూలేంత మత్తు లేదు.

పండగకు వారం ముందు వెర్న్ ఇక ఉండబట్టలేకపోయాడు. మేయర్ గారు చర్చి మీటింగులో కూర్చున్న సమయం చూసి, కోటు కింద ఓడ్కా సీసాలు పెట్టుకుని గ్యారేజీలో దూరాడు. మొదటి పీపా మూత సగం విప్పేసరికి వెనక నుంచి గొంతు వినిపించింది.

"వెర్న్."

వెర్న్ సీసాలను కోటు కింద దాచబోయాడు.

మేయర్ గారి ముఖం అంత ఎర్రగా మారడం అతనెప్పుడూ చూడలేదు. ఒంటె రోజున కూడా ఆయన గులాబీ రంగులోనే ఉన్నారు. "ఏం చేస్తున్నావు?"

"కొంచెం... సాయం చేద్దామనండీ. ఇందులో ఏమీ లేదు. జనం ఉమ్మేస్తారు. ఇర్మా గెలుస్తుంది. నేను సెప్టిక్ ట్యాంకు..."

"ఒక్క చుక్క కలిపావంటే నేనే నిన్ను డ్వేన్‌కు అప్పగిస్తాను. గింజ నుంచి గ్లాసు దాకా అన్నాం. మధ్యలో ఓడ్కా అనలేదు. ప్రజలను మోసం చేయమంటావా?"

వెర్న్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పదేళ్లుగా రాజకీయాల్లో ఉన్నాడు. నిజాయితీని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. దానికి ఇంత చేదు వాసన ఉంటుందని కూడా అనుకోలేదు.

"ఇంకో ప్రకటన రాయి" అన్నారు మేయర్ గారు, సీసాలు తన చేతిలోకి తీసుకుంటూ. "ఈ బాక్ నెమ్మదిగా ఎక్కుతుంది. గొంతులో తెలియదు. తర్వాత కొడుతుంది. కాబట్టి అందరూ జాగ్రత్తగా ఉండాలి. తాగి బండి నడపకుండా గుడారం వాకిట్లోనే సేఫ్ డ్రైవ్ కౌంటర్ పెడుతున్నాం. చీఫ్ నెస్‌హైమ్ ఊదించే మిషను అక్కడికే తెస్తాడు. ఊదకుండా ఎవరి తాళాలూ వాళ్లకివ్వం."

వెర్న్ అడ్డం వచ్చాడు. "మేయర్ గారూ, మిషను వద్దండీ! అందరికీ సున్నా వస్తే మన బీరు..."

"ప్రజల ప్రాణాలతో రాజకీయం చేయమంటావా వెర్న్?"

వెర్న్ కలం తీశాడు. 'సేఫ్ డ్రైవ్ కౌంటర్' అని రాసుకున్నాడు.

ఆ వారమే కౌన్సిల్ ఇంకో తీర్మానం చేసింది. ఊరి గింజకు గౌరవసూచకంగా పండగ రోజు సాయంత్రం దాకా టావెర్న్‌లన్నీ మూసేయాలి, గుడారంలో వేరే సరుకు కనబడకూడదు. బెర్నీ లబోదిబోమన్నాడు. గుడారంలో గ్లాసుల కాంట్రాక్టు అతనికే ఇచ్చేసరికి గింజ మీద అతనికీ గౌరవం కలిగింది.

శనివారం ఎండ కాసింది. బ్యాండు వాయించేవాళ్లు వచ్చారు. సాసేజిలు కాలుతున్నాయి. మేయర్ గారు కొయ్య సుత్తితో మొదటి పీపాకు కుళాయి దిగ్గొట్టారు. సిలిండర్లోంచి ఎక్కించిన గ్యాసు పుణ్యమా అని తెల్లటి నురగ బుస్సుమని పొంగింది. రంగు నలుపు. నురగ తెలుపు. చూడటానికి పెళ్లికొడుకులా ఉంది.

వెర్న్ స్తంభం చాటున నిలబడి మొదటి గుక్క తాగిన రైతు ముఖం చూశాడు. రైతు గ్లాసులోకి చూశాడు. చుట్టూ చూశాడు. మళ్లీ తాగాడు.

"ఎలా ఉందయ్యా?" అని పక్కవాడు అడిగాడు.

"సున్నితంగా ఉంది."

"గొంతులో తెలియట్లేదు కదూ?"

"తెలియదట. తర్వాత కొడుతుందట. పేపర్లో వేశారు."

ఇద్దరూ కొట్టేదాకా ఎదురుచూస్తూ తాగారు. మూడో గ్లాసుకు మొదటివాడు బెంచీ పట్టుకున్నాడు. అది చూసి రెండోవాడు వాడి భుజం పట్టుకున్నాడు. బాక్ పండగ రోజు తూలకుండా నిలబడితే ఊళ్లో ఏమనుకుంటారు? తాత తూలాడు, తండ్రి తూలాడు. మేయర్ పార్టీవాళ్లు తూలకపోతే బీరును అవమానించినట్టు. ఇర్మా పార్టీవాళ్లకైతే తూలడం ఇంకా అవసరం. తాగినవాడు ఎవర్నేం తిట్టినా ఊళ్లో పట్టించుకోరు. ఈ అవకాశం ఏడాదికి ఒక్కసారే వస్తుంది.

మధ్యాహ్నానికి గుడారం ఊగింది. మునిసిపల్ జడ్జి ఆర్విల్ ప్రూట్ గుడారం గుంజను కౌగిలించుకుని రెండు పోల్కా డాన్సులు ఆడి, మూడోదానికి అనుమతి అడిగాడు. డ్వేన్ ఎవరూ అడగకుండానే తన వ్యాపార రహస్యాలు చెప్పి ఏడ్చాడు. ఇర్మా కుబియాక్ బల్ల ఎక్కింది.

"ఎల్రాయ్! ఒంటెను చంపినవాడా! నువ్వు మేయరువు కాదు, మంచులారీ మీద బొమ్మవి! నీ బొమ్మకున్నంత బుద్ధి కూడా నీకు లేదు!" అని, ఆవాల ముద్ద పూసిన సాసేజిని గురిచూసి విసిరింది. అది మేయర్ గారి టోపీకి తగిలి, కాసేపు అక్కడే ఉండి, జారింది. ఇర్మా అంతటితో ఆగకుండా బల్ల దిగి అగ్నిమాపక అధికారిని బుగ్గ మీద ముద్దుపెట్టుకుంది. ఆయన భార్య పక్కనే ఉంది.

"పాపం, బాగా ఎక్కింది ఆవిడకి" అన్నారు మేయర్ గారు టోపీ తుడుచుకుంటూ, అందరికీ వినిపించేలా. "ఏమీ అనుకోకండి. బాక్ మహిమ."

ఎండ వాలుతుండగా జనం తాళాల కోసం కౌంటర్ ముందు వరస కట్టారు. చీఫ్ నెస్‌హైమ్ మిషనును బల్ల మీద పెట్టి, చొక్కా సర్దుకున్నాడు. మొదటివాడు ఊదాడు. సున్నా. రెండోవాడు ఊదాడు. సున్నా. తూలుతూ వచ్చినవాడికీ సున్నా, ఇద్దరు మోసుకొచ్చినవాడికీ సున్నా. జడ్జి గారు ఊదుతూ ఊదుతూ కింద కూర్చున్నారు. సున్నాయే. చీఫ్ మిషనును చేత్తో కొట్టాడు, ప్లగ్గు పీకి పెట్టాడు, తనే ఊది చూశాడు.

ఒక్క పాస్టర్ గారు ఊదినప్పుడు మాత్రం మిషను కూసింది. ఆ రోజు బీరు ముట్టుకోనివాడు ఊరు మొత్తానికి ఆయనొక్కడే. "దగ్గు మందు" అన్నారాయన, చెవుల దాకా ఎర్రబడి.

"చూశారా!" అని వరసలోంచి ఎవరో అరిచారు. "తాగనివాడికి కూస్తోంది, తాగినవాడికి కూయట్లేదు! ఇదేం మిషనయ్యా!"

"నా మిషను తప్పు చెప్పదు" అన్నాడు చీఫ్. అప్పుడు అతనికొక ఆలోచన వచ్చింది. "ఒకవేళ... బీరులోనే ఏమీ లేదేమో?"

గుడారంలో బ్యాండు ఆగింది.

ఇర్మా ముందుకు దూసుకొచ్చింది. "నేను ముందే చెప్పాను! డబ్బా మేయర్! గింజ బీరంట! వీడు ఊరందరి చేతా..." అని సగంలో ఆగిపోయింది. అగ్నిమాపక అధికారి భార్య చేతులు కట్టుకుని ఆవిడనే చూస్తోంది.

"బీరులో ఏమీ లేదంటావా ఇర్మా?" అని అడిగింది ఆ ఇల్లాలు, చాలా మెల్లగా. "అయితే నువ్వు ఇందాక తెలివిలోనే ఉన్నావన్నమాట."

ఇర్మా ఒక అడుగు వెనక్కి వేసింది. సాసేజి ఇంకా నేల మీదే ఉంది. జడ్జి గారు గుంజ వైపు చూసి తల తిప్పుకున్నారు. డ్వేన్ తను చెప్పేసిన వ్యాపార రహస్యాలు తలుచుకుని ముఖం తుడుచుకున్నాడు. ఊరు ఊరంతా మధ్యాహ్నం నుంచి తాము చేసినవీ అన్నవీ ఒక్కొక్కటే లెక్క చూసుకుంటోంది.

"నాకు... బాగా ఎక్కింది" అంది ఇర్మా చివరికి. "ఇప్పటికీ కళ్లు తిరుగుతున్నాయి. ఆ మిషను పాడైపోయింది."

"మరి నేను నటిస్తున్నాననా నీ ఉద్దేశం?" అని రైతు చీఫ్ మీదకు వెళ్లాడు. "మా తాత కూడా ఈ గుడారంలోనే పడ్డాడు!"

చీఫ్‌కు ఒక్కటే దారి మిగిలింది. "వెర్న్! నువ్వు గ్యారేజీలో ఉన్నావు కదా. కాచేటప్పుడు దగ్గరుండి చూశావు. నిజం చెప్పు. అది బీరేనా?"

వందల కళ్లు వెర్న్ మీద పడ్డాయి. చెక్కు చెదరని గింజలు అతని కళ్లముందు తేలాయి. గాజుగొట్టం బుడుంగున మునిగింది. వాటి వెనకాలే మోకాలి దాకా ఉండే రబ్బరు బూట్లు నడిచి వచ్చాయి.

"గింజ నుంచి గ్లాసు దాకా నా కళ్లతో చూశాను" అన్నాడు వెర్న్. "అసలు సిసలు బాక్."

ఊరు ఊపిరి పీల్చుకుంది.

మేయర్ గారు చీఫ్ భుజం మీద చెయ్యి వేశారు. "నేను మిషను మీద ఏ ఆరోపణా చేయను. పోలీసు శాఖ మీద నాకు పూర్తి నమ్మకం. అయినా ఇది ప్రజాస్వామ్యం. ఊరే చెప్పనీ. కౌన్సిలర్లంతా ఇక్కడే ఉన్నారు, కోరం ఉంది. మిషను పాడైందని ఎవరు ప్రతిపాదిస్తారు?"

"నేను" అంది ఇర్మా కుబియాక్.

కెటిల్‌బర్గ్ చరిత్రలో రెండు పార్టీలూ కలిసి చేసిన మొదటి తీర్మానం అది. దాని వాక్యాలు వెర్నే రాశాడు: సదరు మిషను కొనుగోలు చేసిన నాటి నుంచీ నమ్మదగినది కాదని ఈ సభ ఏకగ్రీవంగా భావిస్తున్నది. 'కొనుగోలు చేసిన నాటి నుంచీ' అన్న ముక్క మాత్రం మేయర్ గారు చెవిలో చెప్పి చేర్పించారు.

సోమవారం కోర్టులో మేయర్ గారి వకీలు లేచి ఆ తీర్మానం ఒక్కటే చదివి కూర్చున్నాడు. వెర్న్‌కు అప్పుడు కాస్త వెలిగింది. జడ్జి ఆర్విల్ ప్రూట్ గారు నొసలు ముడిచి, ఒంటె కేసులో ఉన్న ఏకైక సాక్ష్యం ఆ మిషనేనని గమనించి, ఆ మిషను మీద తనకు స్వానుభవం ఉందని చెప్పి కేసు కొట్టేశారు. కోర్టు హాల్లో ఎవరూ నవ్వలేదు. అందరికీ గుంజ గుర్తుంది.

మంగళవారం మేయర్ గారు గెలిచారు. పెద్ద తేడాతోనే. నిర్దోషిని ఓడించడం బాగుండదని జనం అనుకున్నారు. ఇర్మా అభినందనలు తెలిపి, బుగ్గ ముద్దు ఊసు ఎత్తకూడదని షరతు పెట్టింది. డ్వేన్ బూట్లు వెనక్కిచ్చేసి, మాట ప్రకారం చేపలు తెప్పించాడు. "అదృష్టవంతుడివి బావా. నీ చేతులు శుభ్రంగా ఉంటాయి" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం మేయర్ గారు వెర్న్‌ను గ్యారేజీకి పిలిచారు.

"నీకు నేను సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. కూర్చో."

ఐసు పెట్టె, జాలీ సంచి, టర్కీ గిన్నె ఎక్కడా లేవు. చెత్తబండి వాడికి ఇచ్చేశానన్నారు. ఆయన మూలకు వెళ్లి టార్పాలిన్ కొస పట్టుకుని లాగారు. కుట్టుమిషన్లేమీ లేవు. గింజలు ఆడించే ఇనుప మర ఉంది. దాని రోలర్ల సందుల్లో తెల్లటి పిండి పేరుకుని ఉంది. చేత్తో తిప్పే పిడి మీద రంగు ఎప్పుడో అరిగిపోయి, కింది ఇనుము వెండిలా మెరుస్తోంది. పక్కన చిన్న పీపా ఒకటి.

మేయర్ గారు గ్లాసు వంచి, నురగ పొంగకుండా నేర్పుగా పోసి, వెర్న్ చేతికిచ్చారు.

చిక్కగా, వెచ్చగా, కాల్చిన రొట్టె వాసనతో గొంతు దిగింది. వెర్న్ పుట్టి బుద్ధెరిగాక ఇంత మంచి బాక్ తాగలేదు. రెండో గ్లాసు సగంలో అతని మోకాళ్లు సొంత నిర్ణయాలు తీసుకోవడం మొదలుపెట్టాయి. మేయర్ గారు ఆపాటికి నాలుగో దాంట్లో ఉన్నారు.

"ఎలా ఉంది?"

"ఇది... గొంతులోనే తెలుస్తోందండీ."

"తెలియాలి మరి. గింజను పగలగొట్టాలి వెర్న్. అది లేకపోతే ఏముంది?" ఆయన గ్లాసు ఖాళీ చేసి, గోడ మేకుకున్న ట్రక్కు తాళాలు తీసుకున్నారు. "పద, ఇంటి దగ్గర దింపుతాను."

ట్రక్కు టౌన్‌హాల్ పక్కగా వెళుతూ ఒకసారి పచ్చికను తాకి, మళ్లీ రోడ్డు మీదకు వచ్చింది. చీఫ్ నెస్‌హైమ్ అక్కడే నిలబడి ఉన్నాడు. ట్రక్కును చూశాడు. పచ్చిక మీద పడిన టైరు చారను చూశాడు. స్టేషన్ కిటికీలో 'పనిచేయదు' అన్న కాగితం అంటించుకుని కూర్చున్న మిషను వైపు కూడా చూశాడు. తర్వాత చెయ్యెత్తి మేయర్ గారికి సెల్యూట్ చేశాడు.

మేయర్ గారు రెండు చేతులూ స్టీరింగు మీద నుంచి తీసి ప్రతి సెల్యూట్ చేశారు.

"రేపటి పేపర్‌కి ఒక ప్రకటన రాసుకో" అన్నారు. "పోలీసు శాఖకు కొత్త మిషను కొనాలని ఊరి కోరిక. అయితే ఈ ఏడాది బడ్జెట్‌లో చోటు లేదు."

వెర్న్ జేబులోంచి కలం తీశాడు. మళ్లీ లోపల పెట్టేసి, ముందు సీటు బెల్టు పెట్టుకున్నాడు. బిగిసిందో లేదో రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ఎందుకో డ్వేన్ వెనక్కిచ్చేసిన ఆ బూట్లు గుర్తొచ్చాయి. మోకాలి దాకా ఉండేవి, మంచి రబ్బరు.